గట్టుకు పడిన ఎండ్రకాయ బొక్క

చిరంజీవులు పెద్దమ్మాయికీ, బుజ్జిగాడికీ తాతయ్య ఆశీస్సులు.

అమ్మలూ, మొన్న ఫోన్లో నువ్వు కోపంగా అడిగావు. "నాన్నకి బోనస్ 2 లక్షలు వచ్చింది తాతయ్యా. ఇంటి అప్పులో 40 వేలే కట్టాడు. అప్పు ఉంచుకుని బ్యాంకులో డబ్బు దాచుకోవడమేంటి?" అని. సిగ్నల్ సరిగ్గా లేక అప్పుడు జవాబు చెప్పలేకపోయాను. ఇక్కడ కాలువకు నీళ్లు వదిలారు. ఈ పొద్దున గట్టు మీద నిలబడి మన మడిలోకి నీళ్లు పారుతుంటే చూశాను. నీకు చెప్పాల్సిందంతా అక్కడే కనిపించింది.

ఎండాకాలమంతా ఎండిన పొలం ఎలా ఉంటుందో మీరు చూడలేదు. బుజ్జిగాడి చెయ్యి మోచేతి దాకా పట్టేంత నెర్రెలు విచ్చి ఉంటుంది. తొలి తడి పెట్టినరోజు పొద్దున్నించీ సాయంత్రం దాకా నీళ్లు పారినా మడిలో నిలవవు. వచ్చిన నీళ్లన్నీ నెర్రెలే తాగేస్తాయి. ఇంటి అప్పు కూడా అంతే. మీ ఇంటికి తీసుకున్నది 30 లక్షలు. వడ్డీ ఏడాదికి 8.5 శాతం, గడువు 20 ఏళ్లు. నెలకు 26,035 రూపాయల ఈఎంఐ. మొదటి నెల కట్టినదాంట్లో 21,250 వడ్డీకే పోయింది. అసలు తగ్గింది 4,785 రూపాయలు మాత్రమే. ఈఎంఐలో అసలు వాటా వడ్డీ వాటాను దాటడానికి దాదాపు 12 ఏళ్లు పడుతుంది. నేల అంత దాహంగా ఉంటుంది మరి.

అందుకే తొలి ఏళ్లలో అదనంగా పెట్టిన నీటికి విలువ ఎక్కువ. మీ నాన్న కట్టిన ఆ 40 వేలు నీకు తక్కువగా కనిపించాయి. కానీ ఈఎంఐ అలాగే ఉంచి గడువు తగ్గించమని బ్యాంకుకు చెప్పాడు. వడ్డీ రేటు ఇలాగే ఉంటే చివర్లో 7 నెలలకు పైగా తగ్గిపోతుంది. 7 ఈఎంఐలంటే దాదాపు 1,82,000 రూపాయలు! ఫ్లోటింగ్ రేటు, అంటే వడ్డీ మారుతూ ఉండే ఇంటి అప్పును ముందుగా తీర్చేవాళ్ల దగ్గర బ్యాంకులు పెనాల్టీ తీసుకోకూడదని రిజర్వ్ బ్యాంకు 2012లోనే చెప్పింది కూడా.

"అలాంటప్పుడు 2 లక్షలూ కట్టేస్తే ఇంకా మంచిది కదా!" అంటావని తెలుసు. ఆగు. ముందు ఎండ్రకాయ సంగతి చెప్పాలి.

మా నాన్న రాత్రిపూట పొలం చూడటానికి వెళుతుంటే లాంతరు పట్టుకుని నేనూ వెళ్లేవాణ్ని. ఆయన భుజాన పార. గట్టు మీద నాలుగడుగులు వేసి ఆగేవాడు, ఊపిరి బిగబట్టి వినేవాడు. నన్నూ వినమనేవాడు. కప్పల గోలలో నాకేమీ వినిపించేది కాదు. ఆయనకు మాత్రం ఎక్కడో సన్నగా 'గుడగుడ' వినిపించేది. లాంతరు కిందికి దించి చూస్తే గట్టు వారన నీటి మీద చిన్న సుడి, అందులో ఒక గడ్డిపరక గిరగిరా తిరుగుతూ ఉండేది. దాని కింద ఎండ్రకాయ బొక్క. నా బొటనవేలంత కూడా ఉండదు. ఎండుగడ్డి చుట్ట చుట్టి, బురద కలిపి, అందులో కుక్కి మడమతో తొక్కేవాడు. ఒకసారి జ్వరమొచ్చి ఆయన వెళ్లలేదు. తెల్లారేసరికి మా మడి బురదలా మిగిలింది, పక్కవాళ్ల మడి నిండుగా ఉంది. కాలువ నుంచి నీళ్లు రాత్రంతా వస్తూనే ఉన్నాయి!

మీ ఇంట్లో ఆ బొక్క క్రెడిట్ కార్డు. నానమ్మ కంటి ఆపరేషన్ అప్పుడు వాడింది, ఫ్రిజ్ కొన్నది కలిసి 60 వేలు బాకీ ఉండిపోయింది. మన ఊళ్లో వడ్డీ ఏడాది లెక్కన చెప్పుకోరు. నూటికి నెలకు ఎంత అనే అడుగుతారు. నువ్వూ అలాగే అడగడం నేర్చుకో. ఇంటి అప్పు నూటికి దాదాపు 70 పైసల వడ్డీ. ఆ కార్డు మూడున్నర రూపాయల వడ్డీ. ఒకే 60 వేలకు ఇంటి అప్పులో నెలకు 425 రూపాయలు, కార్డులో 2,100. పైగా ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ. 'మినిమమ్ డ్యూ కడితే చాలు' అని మెసేజ్ వస్తుంది చూడు, అది బొక్క మీద గడ్డి కప్పడం లాంటిది. పైకి కనపడదు, నీళ్లు పోతూనే ఉంటాయి. మీ నాన్న బోనస్ వచ్చిన రోజే ఆ 60 వేలూ కట్టేశాడు. మంచి పని చేశాడు.

ఇక మిగిలిన లక్ష. దాన్ని ఎఫ్‌డీలో ఎందుకు వేశాడో చెబుతాను.

వేసవిలో కాలువలు కట్టేసే ముందు మా ఊళ్లో మంచినీళ్ల చెరువు నింపుకునేవాళ్లం. ఆ నీళ్లు తాగడానికే. పొలం ఎంత ఎండినా చెరువు జోలికి ఎవరూ వెళ్లేవాళ్లు కాదు. పొలంలో ఇంకిన నీళ్లను మళ్లీ బిందెలోకి ఎత్తుకోలేం కదా. ఇంటి అప్పులో కట్టిన డబ్బు కూడా మామూలుగా అంతే. కావాలంటే మళ్లీ అప్పుకి దరఖాస్తు పెట్టుకోవాల్సిందే.

మా నాన్నకు ఇది తెలియక కాదు. 1977 వేసవిలో మినుములు అమ్మిన డబ్బు మొత్తం పట్టుకెళ్లి, ఇల్లు కట్టినప్పటి అప్పు నోటు తీర్చేశాడు. రూపాయిన్నర వడ్డీ నోటు. చింపిన ముక్కలు తెచ్చి మా అమ్మ చేతిలో పెట్టాడు. ఆ రోజు మా ఇంట్లో పరమాన్నం. ఆ నవంబర్ 19న ఉప్పెన వచ్చింది. దివిసీమలో వేలమంది పోయారు. మా ఊరు సముద్రానికి దూరం కనుక ప్రాణాలు దక్కాయి. వరి నీళ్లలో పడుకుంది, ఇంటి మీద పెంకులు ఎగిరిపోయాయి. చేతిలో పైసా లేదు. మా నాన్న మళ్లీ ఆ అప్పిచ్చిన మనిషి దగ్గరికే వెళితే, ఈసారి మూడు రూపాయల వడ్డీ అన్నాడు. నాకప్పుడు పన్నెండేళ్లు. ఆయన తల వంచుకుని వేలిముద్ర వేయడం నేను చూశాను. అది తీరడానికి ఎన్ని పంటలు పట్టాయో నాకు గుర్తుంది.

అందుకే చెరువు నింపుకోమని మీ నాన్నకు పదేపదే చెబుతుంటాను. ఈఎంఐ, మీ ఫీజులు, సరుకులు కలిపి మీ ఇంటికి నెలకు 65 వేలు కావాలి. ఆరు నెలలకు 3,90,000. ఇప్పుడు వేసిన లక్షతో 2,20,000 అయింది. ఎఫ్‌డీ మీద వచ్చే వడ్డీ, ఇంటి అప్పుకు కట్టే వడ్డీ కన్నా తక్కువే. నువ్వు అడిగింది ఆ తేడా గురించే. ఆ తేడాను చెరువు కాపలా కూలి అనుకో. నిద్ర పట్టడానికి ఇచ్చే కూలి.

ఇక్కడ మీ నాన్నకీ నాకూ కాస్త తేడా ఉంది. నేనైతే ఆ 40 వేలు కూడా చెరువులోకే మళ్లించేవాణ్ని. ప్రైవేటు ఉద్యోగం, ఇద్దరు పిల్లలు. చెరువు నిండాకే పొలం. మీ నాన్నేమో నెర్రెలు పెద్దగా ఉన్నప్పుడే కొంచెమైనా తడి పెట్టాలంటాడు. అతని లెక్కా తప్పు కాదు. ఉద్యోగం ఎంత గట్టిదో, చెరువు ఎంత నిండిందో చూసుకుని ఎవరి మడికి వాళ్లు నీళ్లు కట్టుకోవాలి. బొక్క పూడ్చే విషయంలో మాత్రం ఇద్దరం ఒకటే మాట.

ఆదివారం నాన్న తీరిగ్గా ఉన్నప్పుడు ఇంటి అప్పు స్టేట్‌మెంట్ తెరవమను. వడ్డీ గడి పక్కన అసలు గడి ఉంటుంది. మొదటి నెల 4,785, రెండో నెల 4,819. 34 రూపాయలే పెరిగింది. అలా వేలు పెట్టి కిందికి జరుపుతూ వెళ్లు. నాన్న 40 వేలు కట్టిన నెల దగ్గర ఆగి, ఆ తర్వాతి నెల వడ్డీ ఎంత తగ్గిందో నువ్వే చూసి నాకు చెప్పు. బుజ్జిగాణ్ని కూడా పక్కన కూర్చోబెట్టుకో.

దసరా సెలవులకు రండి. లాంతరు ఇంకా ఉంది, చిమ్నీ మార్చాను. రాత్రి గట్టు మీదికి తీసుకెళతాను, కాసేపు మాట్లాడకుండా విందాం.

మీ తాతయ్య