అరేంజర్ పని మీద అపోహలు, వాస్తవాలు: డియోడాటో కెరీర్ సాక్షిగా

నేను కీబోర్డ్ వాయిస్తాను, పాటలకు అరేంజ్‌మెంట్లు రాస్తాను, అంటే ట్యూన్‌లో ఏ వాద్యం ఎప్పుడు ఏం వాయించాలో తేలుస్తాను. మా పని గురించి ఎవరైనా అడిగితే బ్రెజిల్ పియానిస్ట్ యూమీర్ డియోడాటోని వినమంటాను.

అపోహ: పాటంతా ట్యూన్ కట్టినవాడిదే. అరేంజర్ వాద్యాలు నింపుతాడు, అంతే.

వాస్తవం: డియోడాటోకి ప్రపంచమంతా పేరొచ్చింది తనది కాని ట్యూన్‌తోనే. జర్మన్ స్వరకర్త రిచర్డ్ స్ట్రాస్ 1896లో రాసిన ‘ఆల్సో స్ప్రాఖ్ జరతుస్త్ర’ ఆరంభం 1968 నాటి ‘2001’ సినిమాతో అందరి చెవినా పడింది. మన లెక్కలో స, ప, పై స. ఆ తర్వాత అంతర గాంధారం, వెంటనే దానికి ఒక మెట్టు కింద సాధారణ గాంధారం. సరుకు అంతే! దాన్ని ఆయన దాదాపు తొమ్మిది నిమిషాల ఫంక్ (కాలు కదిలించే లయ మీద నడిచే అమెరికా సంగీతం) చేశాడు. బ్రాస్ (ట్రంపెట్ లాంటి ఊదే లోహ వాద్యాలు) వెంటనే రాదు. ముందు పెర్కషన్, బేస్ కలిసి గ్రూవ్, అంటే తిరిగి తిరిగి వచ్చే లయ నడక, నిలబెడతాయి, ఫెండర్ రోడ్స్ అనే ఎలక్ట్రిక్ పియానో మీద ఆయన చిన్న చిన్న బిట్లు వేస్తుంటాడు. ఆ నడక చెవికి అలవాటయ్యాకే స-ప-స మొదలవుతుంది. స్ట్రాస్ దగ్గర ఆ స్వరాల తర్వాత టింపనీలు (పెద్ద గిన్నె ఆకారపు డ్రమ్ములు) ఉరుముతాయి. ఇక్కడ మాత్రం గ్రూవ్ తన దారిన తాను పోతూనే ఉంటుంది. నన్నడిగితే పాటకు ప్రాణం అదే. డ్రమ్స్ మీద ఉన్నది పేరున్న జాజ్ డ్రమ్మర్ బిల్లీ కోభమ్ మరి! 1973లో అమెరికా చార్టులో రెండో స్థానం, మరుసటి ఏడాది గ్రామీ.

అపోహ: మ్యూజిక్ కాలేజీలో చదవనివాళ్లు ఆర్కెస్ట్రాకి రాయలేరు.

వాస్తవం: ఆయన పన్నెండేళ్లప్పుడు అకార్డియన్ పట్టాడు, ఆర్కెస్ట్రేషన్ సొంతంగా నేర్చుకున్నాడు. అలాగని గాలివాటంగా వచ్చిందనుకోకండి. నొటేషన్ (స్వరాలను కాగితం మీద రాసే పద్ధతి) రాకపోతే స్ట్రింగ్స్ సెక్షన్, అంటే వయొలిన్ లాంటి తీగ వాద్యాల బృందం ముందు పేపర్ పెట్టలేం.

అపోహ: బ్రెజిల్ మనిషి కాబట్టి అక్కడి మెత్తని సంగీత శైలి బోసా నోవాయే చేస్తాడు.

వాస్తవం: మొదలుపెట్టింది అక్కడే. 1967లో న్యూయార్క్ వెళ్లాక బోసా నోవా స్వరకర్త జోబిమ్ ఆల్బమ్ ‘స్టోన్ ఫ్లవర్’కి అరేంజ్‌మెంట్లు రాశాడు. కానీ 1990ల్లో ఐస్‌లాండ్ గాయని బ్యోర్క్ ‘పోస్ట్’, ‘హోమోజెనిక్’ ఆల్బమ్‌లకు స్ట్రింగ్స్ రాసిందీ ఆయనే.

అపోహ: ప్రొడ్యూసర్ డబ్బు పెడతాడు, సంగీతం జోలికి రాడు.

వాస్తవం: సినిమా సంగతి వేరు. రికార్డు ప్రొడ్యూసర్ స్టూడియోలో కూర్చుని ఏ టేక్ (ఒకసారి రికార్డు చేసిన వాయింపు) ఉంచాలో, ఏ వాద్యం తీసేయాలో తేలుస్తాడు. అమెరికా బృందం ‘కూల్ అండ్ ద గ్యాంగ్’కి 1979లో ‘లేడీస్ నైట్’ మొదలుకొని నాలుగు ఆల్బమ్‌లు డియోడాటో చేతి మీదుగానే వచ్చాయి. వాటిలోని ‘సెలబ్రేషన్’ పాట 1981లో అమెరికాలో నంబర్ వన్. ప్రొడ్యూసర్ పియానిస్టే కదా అని అందులో పియానో సోలో కోసం వెతక్కండి, లేదు.