స్టీలా, సిరామిక్కా: జాకెట్ ప్లేటు గొడవ ఎక్కడ మలుపు తిరిగింది

బుల్లెట్‌ప్రూఫ్ జాకెట్‌లో స్టీలు ప్లేటు ఉండాలా, సిరామిక్ ప్లేటా అన్న వాదన మళ్లీ రాజుకుంది. వియత్నాం యుద్ధంలో హెలికాప్టర్ సీట్లకు బోరాన్ కార్బైడ్ (చాలా గట్టి సిరామిక్) పలకలు బిగించిన కథ పాతది, వదిలేద్దాం. మన దగ్గర లెక్క మారింది 2017 డిసెంబర్ 31న. పుల్వామా జిల్లా లేత్‌పొరా సీఆర్‌పీఎఫ్ శిబిరంపై దాడిలో ఐదుగురు జవాన్లు చనిపోయారు. ఉగ్రవాదులు గట్టి ఉక్కు కోర్ (తూటా లోపలి మధ్య భాగం) ఉన్న ఏకే తూటాలు వాడారని, బుల్లెట్‌ప్రూఫ్ షీల్డు కూడా వాటిని ఆపలేకపోయిందని తర్వాత బయటపడింది.

అసలు విషయమంతా ఆ కోర్‌లోనే ఉంది. కవచాలకు వాడే గట్టి ఉక్కు కాఠిన్యం వికర్స్ స్కేలు మీద 500 చుట్టుపక్కల ఉంటుంది, తూటాలోని గట్టి కోర్ అంతకన్నా గట్టిది కాబట్టి ప్లేటును తొలుచుకుని పోగలదు. సిరామిక్కుల్లో అల్యూమినా 1,500 దాకా, బోరాన్ కార్బైడ్ దాదాపు 3,000 దాకా ఉంటాయి. అక్కడ కోర్ మొనే నుజ్జవుతుంది, ప్లేటు కూడా పగులుతుంది, ఆ ముక్కలన్నిటినీ వెనకున్న పాలీఇథిలీన్ (ఒక రకం ప్లాస్టిక్) పొర పట్టేస్తుంది. పైగా బరువు: ఘన సెంటీమీటరుకు ఉక్కు 7.85 గ్రాములైతే బోరాన్ కార్బైడ్ 2.5. రోజంతా మోసే జవానుకు ఈ తేడా ఎంతో నేను వేరే చెప్పక్కర్లేదు. స్టీలు ప్లేటు మీద చిట్లిన తూటా తునకలు మెడ వైపు, గడ్డం వైపు ఎగరడం ఇంకో ప్రమాదం.

స్టీలు వైపు వాదనలోనూ నిజముంది. అది చవక, కింద పడేసినా ఏమీ కాదు. పగులు పాకకుండా ఆపే గుణం ఉక్కులో సిరామిక్ కన్నా పది రెట్లకు పైగా ఎక్కువ.

ఆ దాడి తర్వాత 2018లో సైన్యం 1,86,138 జాకెట్లకు రూ. 639 కోట్ల ఒప్పందం చేసుకుంది, వాటిలో బోరాన్ కార్బైడ్ ప్లేట్లు. అదే ఏడాది బుల్లెట్‌ప్రూఫ్ జాకెట్లకు భారత ప్రమాణం ఐఎస్ 17051 వచ్చింది. ప్రత్యేక ఉక్కులకు పేరున్న హైదరాబాద్ మిధానీ సంస్థ కూడా బార్క్ (భాభా అణు పరిశోధన కేంద్రం)తో కలిసి బోరాన్ కార్బైడ్ వాడే భాభా కవచ్ అనే జాకెట్ తెచ్చింది, ఉక్కు తయారుచేసేవాళ్లే సిరామిక్ వైపు వచ్చారంటే ఆలోచించండి. సిరామిక్ ఒక్క దెబ్బకే అయిపోతుందన్న మాటకు జవాబు 2024లో దొరికింది: డీఆర్‌డీఓ కాన్పూర్ ల్యాబ్ చేసిన సిరామిక్ ప్యానెల్, స్నైపర్ రైఫిల్‌తో కాల్చే 7.62×54 కవచ ఛేదక తూటాలు ఆరింటిని ఆపింది.

నాకు టెన్షన్ పెట్టేది పరీక్షల సంగతి. 2009లో, పరీక్షలు సరిగా జరగలేదని ఆడిట్‌లో తేలాక, అమెరికా సైన్యం 16,000కు పైగా సెట్ల సిరామిక్ ప్లేట్లను వెనక్కి తెప్పించుకుంది. సిరామిక్ ప్లేటులో సన్నని పగులు కంటికి కనపడదు, ఎక్స్‌రే తీయాల్సిందే. సిరామిక్ కొనే పోలీసు శాఖలు ఆ ఎక్స్‌రే తనిఖీల ఖర్చు కూడా టెండర్‌లోనే రాయాలి.