మలేరియాలో రక్తం ఎందుకు పడిపోతుంది? ల్యాబ్‌లో రోజూ వినే అపోహలు

పోయిన వానాకాలం ఒకావిడ మా ల్యాబ్ కౌంటర్ మీద రెండు రిపోర్టులు పక్కపక్కన పెట్టి నిలదీసింది. కొడుకు ఏజెన్సీ వైపు పనికెళ్లి వైవాక్స్ అనే రకం మలేరియాతో హైదరాబాద్ తిరిగొచ్చాడు. మందు మొదలుపెట్టిన రోజు హీమోగ్లోబిన్ 9.6, నాలుగో రోజుకు 8.7. "జ్వరం పోయింది సరే, రక్తం కూడా పోతోంది. మీ మిషన్ తప్పా, డాక్టర్ మందు తప్పా?" రెండూ కాదు. స్లైడ్లు చూసే పాథాలజిస్టుగా ఆవిడకు ఆరోజు హడావుడిలో సరిగ్గా చెప్పలేకపోయింది ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: క్రిమి దూరిన కణాలు పగిలిపోతాయి, రక్తం తగ్గేది అందుకే.

సగమే నిజం. వైవాక్స్‌లో నూటికి రెండు ఎర్రకణాల్లో క్రిమి కనిపించడం కూడా అరుదు. అవి రెండ్రోజులకోసారి పగులుతాయనుకున్నా, హీమోగ్లోబిన్ అంతలా పడిపోవడానికి ఆ లెక్క చాలదు. క్రిమి సోకని కణాలు కూడా బలవుతాయి. వాటినీ ప్లీహం (స్ప్లీన్) ఏరి పారేస్తుంది. ఫాల్సిపారం అనే ఇంకో రకం మలేరియాలో క్రిమి ఉన్న ఒక్క కణం పగిలితే దాంతోపాటు ఎనిమిది మంచి కణాలు, వైవాక్స్‌లో 30కి పైగా పోతాయని పరిశోధకుల అంచనా.

ఇంతకంటే ఎవరూ పట్టించుకోనిది ఎముకల్లోని మూలుగ. ఆరోగ్యంగా ఉన్నప్పుడు అది సెకనుకు 20 లక్షలకు పైగా ఎర్రకణాలు తయారుచేస్తుంది. దెబ్బ తగిలి రక్తం పోతే మూత్రపిండాల నుంచి హార్మోన్ కబురు వస్తుంది, మూలుగ వేగం పెంచుతుంది. మలేరియాలో కబురు అందినా పని సాగదు. ఇన్‌ఫెక్షన్‌తో పోరాడటానికి ఒంట్లో పుట్టే రసాయనాలే ఉత్పత్తికి అడ్డుపడతాయి. హీమోగ్లోబిన్ తిన్న క్రిమి వదిలే నల్లటి పొడి, హీమోజోయిన్, మూలుగలో చేరి పిల్ల కణాలను ఎదగనివ్వదు. అలాంటి మూలుగ స్లైడులో ఒక్కోసారి రెండు కేంద్రకాలున్న కణాలు, సన్నటి దారంతో అతుక్కున్న కేంద్రకాలు కనిపిస్తాయి. చూస్తే సగంలో వదిలేసిన కుట్టుపనే.

మూలుగ పని చేస్తోందా అని తెలుసుకోవడానికి రెటిక్యులోసైట్ కౌంట్ చేస్తాం. అప్పుడే రక్తంలోకి వచ్చిన పిల్ల కణాలివి. నీలం రంగు వేస్తే లోపల వల లాంటి గీతలు తేలతాయి. రక్తం అంత తగ్గినప్పుడు ఇవి పెరగాలి కదా? ఆ అబ్బాయికి మొదటిరోజు 0.8 శాతమే. పైగా వైవాక్స్ దూరేది ఈ లేత కణాల్లోనే. స్లైడులో క్రిమి ఉన్న కణం పక్కవాటికంటే ఉబ్బి కనపడటం చూసే మేం దాన్ని గుర్తుపడతాం.

అపోహ: జ్వరం తగ్గాక కూడా హీమోగ్లోబిన్ పడితే మందు పనిచేయనట్టే.

దెబ్బతిన్న కణాలు ఇంకొన్నాళ్లు రాలుతూనే ఉంటాయి. సెలైన్ ఎక్కిస్తే రక్తం పలచబడి అంకె ఇంకాస్త తగ్గుతుంది. మూలుగ తేరుకోవడానికి వారం పది రోజులు, రక్తం మామూలు స్థాయికి రావడానికి కొన్ని వారాలు పడుతుంది. రోజూ సీబీపీ (రక్తకణాల లెక్క పరీక్ష) చేయించి టెన్షన్ పడటం వల్ల ల్యాబ్‌కే లాభం (మా ఓనర్ ఇది చదవకపోతే మంచిది). మందు పనిచేస్తోందా లేదా చెప్పేది మళ్లీ చూసే స్లైడు. కానీ మలేరియాకు ఆర్టెసునేట్ అనే మందు ఇంజెక్షన్లు తీసుకున్నవాళ్లు మాత్రం నాలుగు వారాలపాటు డాక్టర్ చెప్పినట్టు పరీక్షలు చేయించుకోవాలి. వాళ్లలో కొందరికి కణాలు ఆలస్యంగా పగులుతాయి. మూత్రం కోకాకోలా రంగులోకి మారితే ఆలోచించకుండా ఆస్పత్రికి పరుగెత్తాలి.

అపోహ: బీట్‌రూట్, దానిమ్మ, ఐరన్ టానిక్‌తో వారంలో రక్తం పడుతుంది.

తినండి, నష్టం లేదు. కానీ జ్వరంలో కాలేయం హెప్సిడిన్ అనే హార్మోన్ పెంచి, ఒంట్లో ఉన్న ఐరన్‌ను గోదాములో పెట్టి తాళమేస్తుంది, పేగుల్లోంచి కొత్తది రానివ్వదు. టానిక్ ఎప్పుడు మొదలుపెట్టాలో డాక్టర్ చెప్పాలి.

అపోహ: ప్లేట్‌లెట్లు తగ్గితే డెంగీయే.

మలేరియాలోనూ తగ్గుతాయి. స్మియర్ (స్లైడు మీద పరిచిన రక్తపు చుక్క) చూడకుండా తేల్చకండి.

అపోహ: సిటీలో మలేరియా ఎక్కడిది?

1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూసింది మన సికింద్రాబాద్‌లోనే. ఆ ఊరివాళ్లు అడగాల్సిన ప్రశ్నేనా ఇది? పట్టణాల్లో దీన్ని మోసే అనోఫిలిస్ స్టెఫెన్సీకి మూతలేని ఓవర్‌హెడ్ ట్యాంకు చాలు.

ఆవిడ పదో రోజున మళ్లీ వచ్చింది. ఈసారి రెటిక్యులోసైట్లు 6 శాతం. లోపలికి పిలిచి మైక్రోస్కోప్‌లో చూపించాను. "నీలం ముగ్గులా ఉంది" అంది. హీమోగ్లోబిన్ ఇంకా 9 దగ్గరే ఉన్నా, ఈసారి తగువు పెట్టుకోలేదు. 14 రోజుల ప్రైమాక్విన్ వాడుతున్నాడా అని అడిగాను. వైవాక్స్ కాలేయంలో నిద్రపోయి నెలల తర్వాత తిరగబెడుతుంది, ఆ మందు దానికోసమే. ఎర్రకణాలను కాపాడే జీ6పీడీ అనే ఎంజైమ్ లోపముంటే అదే మందు ఎర్రకణాలను పగలగొడుతుంది కాబట్టి ముందే పరీక్ష చేయించాలి. వీళ్లు అదీ చేయించారు, రిపోర్టు నార్మల్.

"జ్వరం పోయిందిగా సార్, నాలుగు రోజులకే ఆపేశాడు. మిగతావి ఫ్రిజ్ మీదున్నాయి."

ఆవిణ్ని అటునుంచి అటే డాక్టర్ దగ్గరికి పంపాను.