చిన్న ఎద్దు, పొడుగు బాట

తిరుపతి

చి. సహస్రకు, ఇక్కడి చిన్నుకు, పండుకు తాత ఆశీర్వదించి రాయునది.

ఇక్కడ అందరం క్షేమం. గంగజాతర అయిపోయింది గానీ ఎండ మాత్రం కదల్లేదు. సహస్రా, మొన్న ఫోనులో నువ్వడిగినదానికి నేను నోరు తెరిచేలోపు మీ అమ్మ అన్నానికి పిలిచేసింది. అందుకని కాగితం పట్టుకున్నా. చిన్ను, పండు కూడా చదువుతారు గనక నీ ప్రశ్న మళ్ళీ రాస్తున్నా: "తాతా, క్యాంపర్ కప్పు లేపాలంటే నాన్న హ్యాండిల్ తిప్పీ తిప్పీ రొప్పుతాడు. హ్యాండిల్ బదులు డ్రిల్లు పెడితే నిమిషంలో లేస్తుంది. డ్రిల్లు నాన్న చెయ్యంత కూడా లేదే, దానికంత బలం ఎక్కడిది? అంత బలముంటే, దించేటప్పుడు దాన్ని ఎందుకు లోపల పెట్టేస్తాడు?"

అడిగింది రెండు ప్రశ్నలు. రెండోది గట్టిది. దాని దగ్గరికి మెల్లగా పోదాం.

చిన్నూ, పండూ, ముందు మీకు ఆ బండి సంగతి చెప్పాలి. కారు వెనక తగిలించుకుని లాక్కుపోయే బండి అది. రోడ్డు మీద పోతున్నప్పుడు మన రొమ్ము ఎత్తున్న పెట్టె, దానికో మూత, అంతే కనిపిస్తుంది. అడవిలోనో చెరువు గట్టునో ఆపాక ఆ మూత నాలుగు మూలల గొట్టాల మీద పైకి లేస్తుంది. లోపల మడిచిపెట్టిన గుడ్డ గోడలు విప్పుకుంటాయి. రెండు పక్కలా మంచాలు బయటికి జరుగుతాయి. గది తయారు. ఆ మూతే కప్పు. ఇండియానా రాష్ట్రంలో ఎల్క్‌హార్ట్ అనే ఊరి చుట్టుపక్కల ఇలాంటి బళ్ళు చేసే ఫ్యాక్టరీలు బోలెడున్నాయి. పోయినేడు నేనక్కడ ఉన్నప్పుడు మీ పెదనాన్న చేతిలోంచి హ్యాండిల్ లాక్కుని నేనూ తిప్పా. "నీకెందుకు నాయనా ఈ వయసులో" అన్నాడు. ఈ వయసులో కాకపోతే ఇంకెప్పుడు?

సహస్రా, వాళ్ళకు నీ బండి తెలియనట్టే నీకు కపిల తెలియదు. మా ఊరు చంద్రగిరి దాటాక పాకాల దారిలో. నా చిన్నప్పుడు మా బావికి కరెంటు లేదు. గట్టు మీద రెండు రాతి కూసాలు, వాటి మీద అడ్డదూలం, దూలానికి చెక్క గిలక. గిలక మీదుగా పోయే మోకుకు ఒక కొసన ఎద్దుల కాడి, రెండో కొసన బావిలోకి దిగే బాన. బాన అడుగున తోలు తొండం. బావి దగ్గర మొదలై అవతలికి పల్లంగా దిగే బాట ఒకటుంటుంది. ఎద్దులు ఆ పల్లంలోకి నడిస్తే బాన నీళ్ళతో పైకొస్తుంది, తొండం తెరుచుకుని నీళ్ళు తొట్లో పడి కాలవలోకి పోతాయి. ఆ తర్వాత ఎద్దులు మొహం తిప్పకుండా వెనక్కి నడుస్తూ గట్టు దాకా వస్తాయి. అప్పుడు బాన తన బరువుకు తానే దిగుతుంది.

మీ నాన్న బండి అడుగున ఉన్నదీ కపిలే. బావికి బదులు గొట్టాలు, బానకు బదులు కప్పు, మోకుకు బదులు ఇనుప తాడు. హ్యాండిల్ తిప్పితే తాడు ఒక డ్రమ్ముకు చుట్టుకుంటుంది. ఆ హ్యాండిలూ డ్రమ్మూ ఉన్న మిషన్నే వించ్ అంటారు.

మరి డ్రిల్లు ఎవరు? అదీ ఎద్దే, చాలా చిన్న ఎద్దు. దాని లోపలి మోటారు బొటనవేలంత పొడుగు, కాస్త లావు. దాని ఇరుసును వేళ్ళతో పట్టుకుని ఆపగలం అనిపిస్తుంది. కానీ అది నిమిషానికి దాదాపు 20,000 చుట్లు పరుగెత్తుతుంది. డ్రిల్లు ముక్కు మాత్రం తక్కువ గేరులో నిమిషానికి 400, 500 చుట్లే తిరుగుతుంది. అంటే ముక్కు ఒక్క చుట్టు తిరిగేసరికి లోపలి ఎద్దు నలభై చుట్లు నడిచిందన్నమాట. ఆపైన బండి వించ్‌లో ఇంకో జత పళ్ళచక్రాలు. పెద్ద ఎద్దుకు పొట్టి బాట చాలు. చిన్న ఎద్దును కట్టాలంటే బాట పొడుగు చెయ్యాలి. ఎంత పొడుగైతే అంత తేలిక. పళ్ళచక్రాలు చేసేదల్లా ఆ పొడుగు బాటను మడిచి గుప్పెడంత డబ్బాలో పెట్టడమే. మీ నాన్న తిప్పే హ్యాండిల్‌దీ అదే కథ. ఆయనా కప్పును ఎత్తడం లేదు, పొడుగు బాట నడుస్తున్నాడు.

లెక్క వేసి చూపిస్తా. కప్పు 200 కిలోలనుకుందాం. దాన్ని 1.2 మీటర్లు లేపాలంటే సుమారు 2,400 జౌళ్ళ పని (పనిని కొలిచే కొలత పేరు జౌలు). మన శెనక్కాయల్లో ఒక్క గింజ నోట్లో వేసుకుంటే, అందులో ఒళ్ళు పనికి మార్చుకోగలిగింది దగ్గర దగ్గర అంతే ఉంటుంది. రాపిడికి పోయేది కూడా కలుపుకుంటే రెండు మూడు గింజలు. అంత చెమట కార్చి మీ నాన్న ఖర్చు పెట్టేది రెండు మూడు శెనక్కాయ గింజలు! ఇక డ్రిల్లు బ్యాటరీ. 18 వోల్టులు, 2 యాంపియర్ అవర్లదైతే అందులో 36 వాట్ అవర్లు, అంటే సుమారు 1,30,000 జౌళ్ళు. లెక్కకైతే యాభై సార్లు లేపొచ్చు, రాపిడికి సగం పోయినా పాతిక సార్లు. (మీ నాన్న డ్రిల్లు మీద 20 అని ఉంటుందేమో చూడు. ఇక్కడి అంగట్లో అదే రకం 18 అని అమ్ముతారు. రెండిట్లోనూ ఉండేవి ఐదు లిథియం సెల్లే. ఒక్కోటి మామూలుగా 3.6 వోల్టులు, నిండా ఛార్జయితే 4 దాటుతుంది. ఒకరు మామూలు లెక్క రాశారు, ఇంకొకరు నిండు లెక్క రాశారు.)

కాబట్టి డ్రిల్లుకి మీ నాన్న కంటే బలం ఎక్కువని కాదమ్మా. తొందర ఎక్కువ. అలుపు లేదు. అదే పనిని మూడు నాలుగు నిమిషాల బదులు ఒక నిమిషంలో చేస్తుంది.

అసలు చిక్కు ఆ తొందరతోనే.

మాకో కర్రెద్దు ఉండేది. తెల్లదాని కంటే పొట్టి, మొండి. మా పెదనాయన కపిల తోలుతుంటే నేను ఆయన పక్కనే మోకు మీద కూర్చునేవాణ్ణి. ఎద్దులు పల్లంలోకి దిగేటప్పుడు మోకు మీద కూర్చుంటే మన బరువు కూడా కలిసొస్తుంది. బడికి పోవడం కంటే అది నాకు చాలా ఇష్టమైన చదువు. ఒక పొద్దు బాన ఇంకా సగంలో ఉండగా కర్రెద్దు ఆగిపోయింది. అదిలించినా కదల్లేదు. చెర్నాకోల చూపించినా కదల్లేదు. పెదనాయన తిట్టుకుంటూ దిగి బావి దగ్గరికి పోయి చూస్తే, మోకు పురి విడిపోయి పీచు గిలక పక్కన ఇరుక్కుని ఉంది. ఇంకో నాలుగడుగులు వేసుంటే తెగేదే. కాడి బరువు మారడం మాకెవరికీ తెలియలేదు, దాని మెడకు తెలిసింది. ఆ సాయంత్రం మా అవ్వ దానికి ఇంత బెల్లం పెట్టింది, మాకు పెట్టలేదు.

డ్రిల్లుకి ఆ మెడ లేదు. కప్పు మూలలకు కొక్కేలుంటాయి కదా, ఒకటి విప్పడం మరిచిపోయామనుకో. చేత్తో తిప్పేవాడికి రెండో చుట్టుకే హ్యాండిల్ బిగుసుకుంటుంది, ఆగుతాడు. డ్రిల్లు ఆగదు. ఒక మూల కట్టేసి ఉన్నా మిగతా మూడూ లేపుతుంది, కప్పు వంకర పోతుంది, తాడు పీచులు తెగుతాయి, గొట్టం వంగుతుంది. పైకి పూర్తిగా లేచాక కూడా అంతే, చాలునని దానికి తెలియదు. లాగుతూనే ఉంటుంది. ఇంకేమీ కదలనప్పుడు ఆ తిరుగుడంతా పట్టుకున్న మణికట్టు మీదికొస్తుంది. అక్కడ పుత్తూరు కట్టు కట్టేవాళ్ళు దొరకరు, జాగ్రత్తని మీ నాన్నకు చెప్పు.

డ్రిల్లు మెడ దగ్గర అంకెలున్న ఉంగరం ఒకటి తిప్పడానికుంటుంది. మనవాళ్ళు మెడ లేదని తెలిసి పెట్టిన మెడ అది. చిన్న అంకె మీద పెడితే కాస్త బరువు తగలగానే టకటకమని జారిపోతుంది, లాగదు. కప్పు లేవడానికి ఎంత కావాలో అంతే పెట్టాలి, ఒక్క గీత కూడా ఎక్కువ వద్దు. గేరు తక్కువది. దెబ్బలు కొడుతూ తిరిగే ఇంపాక్ట్ డ్రైవర్ అసలొద్దు. చివరి జానెడు దూరం చేత్తోనే తిప్పాలి. కొన్ని కంపెనీలు అయితే అసలు మిషన్లు పెట్టొద్దు, చేత్తోనే తిప్పండి అని రాసే ఇస్తాయి. బండితో వచ్చిన పుస్తకంలో ఆ ముక్క ఉందో లేదో చూడమను. ఉంటే ఈ డ్రిల్లు ముచ్చట అక్కడితో ఆపాల్సిందే. వేగం నేర్పడం ఎవరికైనా చేతనవుతుంది, ఆగడం నేర్పడానికే పెద్దవాళ్ళు కావాలి.

శ్రీహరికోట రాకెట్టు ఎగిరితే మేడెక్కి చూసే చిన్నుకోసం ఒక మాట. బ్యాటరీ డ్రిల్లును 1961లో బ్లాక్ అండ్ డెక్కర్ కంపెనీ తెచ్చింది. అప్పటికి మా బావి దగ్గర ఇంకా ఎద్దులే. పదేళ్ళకు, 1971లో, అపోలో 15తో చంద్రుడి మీదికి పోయిన డేవిడ్ స్కాట్ చేతిలో బ్యాటరీ డ్రిల్లు ఉంది. రెండు మీటర్ల పైచిలుకు లోతునుంచి మట్టి తియ్యాలని దించాడు. దిగడమైతే దిగింది, పైకి రానంది. చివరికి ఆయనా, జేమ్స్ ఇర్విన్ అనే ఆయనా భుజాలు ఆనించి ఎత్తి లాగితే వచ్చింది. చంద్రుడి మీదా ఆఖరి పని భుజాలదే!

ఇక నీ రెండో ప్రశ్న. కపిలెద్దుకు నేర్పాల్సిన వాటిల్లో కష్టమైంది లాగడం కాదు, వెనక్కి నడవడం. లాగడం ఏ ఎద్దైనా లాగుతుంది. బాన దిగే వేగానికి సరిగ్గా సరిపోయేట్టు వెనకడుగు వెయ్యాలి. ఎద్దు ఎక్కువ తొందరపడితే మోకు వదులవుతుంది. వదులైన మోకు గిలక మీంచి పక్కకు తప్పుకుంటుంది. అప్పుడు బాన ఎక్కడికి పోయి పడుతుందో దేవుడికి తెలుసు.

కప్పు కూడా దిగేటప్పుడు తన బరువుకు తానే దిగుతుంది. వించ్ పని లాగడం కాదు, తాడును కొంచెం కొంచెంగా వదలడం. ఏదో ఒక గొట్టంలో దుమ్ము చేరి అది మొరాయించిందనుకో, లేదా గుడ్డ మడత ఒకటి మధ్యలో ఇరుక్కుందనుకో. కప్పు ఆగిపోతుంది. డ్రిల్లు మాత్రం తాడు వదులుతూనే ఉంటుంది. వదులైన తాడు డ్రమ్ము మీద చిక్కుపడుతుంది. కాసేపటికి ఆ గొట్టం ఉన్నట్టుండి వదిలితే కప్పు ఆ మూలన ధబ్బున పడుతుంది. ఇంకోటి, కొన్ని వించ్‌లలో బరువు జారిపోకుండా రాపిడి బ్రేకు ఉంటుంది. వేగంగా దించితే అది వేడెక్కి పట్టు తప్పుతుంది. చేత్తో దించేవాడికి హ్యాండిల్ తేలికైపోగానే తెలుస్తుంది, ఎక్కడో ఏదో ఆగిందని. అందుకే మీ నాన్న అప్పుడు డ్రిల్లు లోపల పెట్టేస్తాడు. మంచి పని చేస్తున్నాడు. నేను మెచ్చుకున్నానని మాత్రం చెప్పొద్దు.

ఒక్క విషయం మాత్రం నేను నీకు పూర్తిగా చెప్పలేను. కొన్ని బళ్ళలో ఆ ఇనుప తాడు కింద ఒక అడ్డకడ్డీని లాగితే, దాన్నుంచి నాలుగు తాళ్ళు నాలుగు మూలలకు పోతాయి. అక్కడ ఒక్కో తాడు ఒక్కో పొడుగాటి స్ప్రింగును లాగుతుంది. ఆ స్ప్రింగు వంపు తిరిగిన గొట్టంలోంచి పోయి కప్పును పైకి తోస్తుంది. లాగితే తోస్తుందట! గొట్టంలో పక్కకు వంగే చోటు లేదు గనక తోయడం తప్ప దానికి దారి లేదని మీ నాన్న చెప్పాడు. తల ఊపాను. ఇప్పటికీ పడుకునేటప్పుడు గుర్తొస్తే ఆ స్ప్రింగు లోపల ఎలా మలుపు తిరుగుతుందో అని ఆలోచిస్తుంటా. మా కపిలలో ఇంత సొగసు లేదు, ఒప్పుకుంటున్నా.

ఇప్పుడు మీ పనులు.

చిన్నూ, పండూ, మేడ మీద అలమారలు బిగిస్తున్న వడ్రంగి మామ దగ్గర ఎర్ర డ్రిల్లు ఉంది. టీ తాగేటప్పుడు అడిగి ఆ ఉంగరం చిన్న అంకె మీద పెట్టించి, చెక్కలోకి ఒక స్క్రూ తిప్పించి చూడండి. ఎక్కడ టకటకమందో చూసి, అంకె పెంచి మళ్ళీ చూడండి. బ్యాటరీ మీద ఏం రాసుందో కూడా రాసుకోండి.

సహస్రా, కప్పు లేపే ముందు కొక్కేలన్నీ విప్పారో లేదో చూసే పని నీది. లేస్తున్నప్పుడు దూరంగా నిలబడి నాలుగు మూలలూ సమంగా వస్తున్నాయా అని చూడు. ఒక్కటి వెనకబడినా "ఆపు" అని కేకెయ్యి. ఆనుకర్రలు పెట్టేదాకా తల గానీ చెయ్యి గానీ కప్పు కిందికి పోకూడదు. అందరూ నవ్వినా సరే.

ఇంకోటి. ఈసారి డ్రిల్లు వద్దని, చేత్తోనే తిప్పమను. పది చుట్లు కాగానే ఆపించి, పెట్టె అంచు నుంచి కప్పు అంచు దాకా ఎన్ని అంగుళాలుందో అమ్మ చేత బయటినుంచే టేపు పట్టించి రాసుకో. మళ్ళీ పది చుట్లు, మళ్ళీ టేపు. మొదటి పది చుట్లకు లేచిన ఎత్తూ, చివరి పది చుట్లకు లేచిన ఎత్తూ ఒకటేనా? తేడా వస్తే, డ్రమ్ము మీద తాడు చుట్టు మీద చుట్టు ఎలా ఎక్కుతోందో ఆనుకర్రలు పెట్టాక ఒకసారి వంగి చూసి, అప్పుడు నాకు ఉత్తరం రాయి. ఫోను చెయ్యొద్దు, ఉత్తరమే రాయి. అంకెలు కాగితం మీద ఉండాలి.

ఇట్లు,
మీ తాత