బకెట్టెడు గాలి

మా బావ మహారాష్ట్రలోని బల్లార్షాలో పాత టెంపో ట్రావెలర్ ఒకటి కొన్నాడు. సీట్లు పీకించి, రెండు పరుపులు, చిన్న గ్యాస్ పొయ్యి, ఒక ఏసీ పెట్టించి సొంత కారవాన్ చేసుకుంటున్నాడు. సినిమావాళ్లకే అనుకున్న మాట మా గల్లీలోకి వచ్చేసింది. తాడోబా అడవి పక్కనో, సిరొంచ దగ్గర ప్రాణహిత ఒడ్డునో రాత్రి బండి ఆపుకొని పడుకోవాలని ఆయన ఆశ. చంద్రపూర్ జిల్లాలో మే నెలంటే 46, 47 డిగ్రీలు మాకు కొత్త కాదు కాబట్టి ఏసీ తప్పదు, ఏసీకి కరెంటు తప్పదు. మొన్న ఫోన్ చేసి, "బామ్మర్దీ, పెట్రోల్ జనరేటర్ తెస్తున్న. వెనక పరుపు కింద పెడితే పడతదా?" అన్నాడు.

పట్టడానికేం, పడుతుంది. పైన పడుకున్నవాళ్లు పొద్దున లేస్తారా అన్నదే అనుమానం.

మాది బొగ్గుబాయి కుటుంబం. బాయిలో నిప్పు రాజుకుంటే మంట కన్నా దాని వెనక మిగిలే గాలికే ఎక్కువ భయపడాలని మా నాయన అనేవాడు. 1890లలో జాన్ స్కాట్ హాల్డేన్ అనే స్కాట్లాండ్ శాస్త్రవేత్త, గని పేలుళ్లలో పోయిన కార్మికుల శవాలను పరీక్షించి ఇదే తేల్చాడు. చాలామందిని చంపింది పేలుడు కాదు, కార్బన్ మోనాక్సైడ్. మనిషికి తెలిసేలోపే సొమ్మసిల్లే చిన్న ప్రాణులను గనిలోకి వెంట తీసుకెళ్లమన్నదీ ఆయనే. బ్రిటన్ గనుల్లో కానరీ పిట్టలకు 1986 దాకా ఆ ఉద్యోగం ఉంది.

పెట్రోలుకు సరిపడా ఆక్సిజన్ అందక అరకొరగా మండితే పుట్టేది ఈ వాయువే. రంగు లేదు, వాసన లేదు, గొంతు మండదు. కారుకు పొగను శుద్ధి చేసే కన్వర్టర్ ఉంటుంది, చాలా చిన్న జనరేటర్లకు అది ఉండదు. అందుకే బుజ్జి ఇంజను గదా అని తీసిపారేయకూడదు.

రక్తంలో ఆక్సిజన్‌ను మోసే హిమోగ్లోబిన్‌కు కార్బన్ మోనాక్సైడ్ అంటే ఆక్సిజన్ కన్నా దాదాపు 210 రెట్లు మక్కువ. గాలిలో ఆక్సిజన్ 21 శాతం. దానిని 210తో భాగిస్తే 0.1 శాతం. అంటే గాలిలో వెయ్యో వంతు ఈ వాయువు కలిసి, దాన్నే చాలాసేపు పీలిస్తే హిమోగ్లోబిన్‌లో సగం దాని పాలవుతుంది. ప్రాణం పోవడానికి అది చాలు. బావ బండి లోపలి కొలతలు అడిగాను: పొడవు సుమారు 4 మీటర్లు, వెడల్పు 1.8, ఎత్తు 1.9. మొత్తం దాదాపు 13,700 లీటర్ల గాలి. అందులో వెయ్యో వంతంటే 14 లీటర్లు, మన స్నానాల బకెట్ కూడా నిండదు. మొదట తలనొప్పి, కళ్లు తిరగడం, వాంతి వచ్చినట్టుండటం. మెలకువగా ఉన్నవాడు ఎండదెబ్బ అనుకుంటాడు. నిద్రపోయేవాడికి ఆ అనుమానానికీ తీరిక ఉండదు.

2024 డిసెంబరులో కేరళలోని వడకరలో రోడ్డు పక్కన ఆగిన కారవాన్‌లో ఇద్దరు చనిపోయి కనిపించారు. జనరేటర్ పొగ బండి అడుగున ఉన్న రంధ్రంలోంచి లోపలికి చేరిందని నిపుణులు తేల్చారు. ఈ సంగతి చెప్పాకే బావ పరుపు కింద అన్న మాట వదిలాడు.

మరి ఎక్కడ పెట్టాలి? బయటి నుంచి మాత్రమే తలుపు తెరుచుకునే రేకు పెట్టెలో. పడుకునే చోటుకూ దానికీ మధ్య గాలి దూరే సందు ఒక్కటీ ఉండకూడదు, వైర్లు దూరే చోట కూడా సీల్ చేయాలి. అలాగని పెట్టెను అన్ని వైపులా మూసేస్తే ఇంకో చిక్కు. లీటరు పెట్రోల్‌లో సుమారు 9 యూనిట్ల శక్తి ఉంటే, చిన్న జనరేటర్ కరెంటుగా ఇచ్చేది రెండు యూనిట్ల చిల్లర. మిగతాదంతా వేడి, పొగ. గంటకు లీటరు తాగే జనరేటరంటే గంటసేపు ఆరేడు గీజర్లలాంటి హీటర్లు వెలిగించినట్టే, ఒక్కోటి ఒక కిలోవాట్‌ది అనుకుంటే. కాబట్టి పెట్టెకు బయటి వైపూ అడుగునా గాలి దారులు కావాలి. అడుగున ఎందుకంటే పెట్రోల్ ఆవిరి గాలి కన్నా మూడు నాలుగు రెట్లు బరువు, కారితే కిందకే జారి పేరుకుంటుంది.

సైలెన్సర్ గొట్టాన్ని బండి కింద వదిలేయడం మెకానిక్‌లు చేసే సుఖమైన పని. ఆగిన బండి కింద ఆ పొగ నిలుస్తుంది. గొట్టం బండి అంచు దాటి బయటకు రావాలి, కిటికీల కింద ఆగకూడదు. వంట మీది ఫ్యాన్ ఇంకో దొంగ. అది లోపలి గాలిని బయటకు తోస్తే, ఆ లోటు పూడ్చడానికి గాలి ఏ సందునుంచైనా లోపలికొస్తుంది, కింద పొగ ఉంటే పొగే వస్తుంది.

బండి డీజిల్‌ది, జనరేటర్ పెట్రోల్‌ది. కాబట్టి క్యాన్ మోయాలి, అదీ లోపల కాదు. పెట్రోల్ ఆవిరి సున్నాకు నలభై డిగ్రీల దిగువన కూడా నిప్పందుకుంటుంది. 20 లీటర్ల క్యాన్ పొద్దుటి చల్లదనం నుంచి ఇరవై డిగ్రీలు వేడెక్కితే పావులీటరుకు పైగా ఉబ్బుతుంది, అందుకే నిండా పోయకూడదు. ఇంజను చల్లారాకే ఇంధనం పోయాలి. కరెంటు సంగతి అనుభవమున్న ఎలక్ట్రీషియన్‌కే వదలాలి: బయటి కరెంటూ జనరేటరూ ఒకేసారి కలవని చేంజోవర్ స్విచ్, షాక్ కొడితే కోసేసే ఇఎల్‌సిబి. బండిలో ఈ మార్పుకు ఆర్టీఓ అనుమతి కూడా కావాలి.

అలారం కొనమంటే గ్యాస్ సిలిండర్ దగ్గర పెడతానన్నాడు. అది వంట గ్యాస్ అలారానికి సరి, వంట గ్యాస్ బరువు. కార్బన్ మోనాక్సైడ్ దాదాపు గాలంత బరువే, అంతటా కలిసిపోతుంది. దాని అలారం తల దిండు ఎత్తులో ఉండాలి, లోపలి సెన్సర్‌కు గడువు ఉంటుంది కాబట్టి తేదీ చూసి కొనాలి. ఎన్ని చేసినా పడుకునే ముందు జనరేటర్ ఆపెయ్యమన్నదే నా పట్టు. రాత్రికి బ్యాటరీ మీద ఫ్యాన్ చాలదా? చాలదంటాడు ఆయన.

పోయిన ఆదివారం, జనరేటర్ ఇంకా రాకముందే, పెట్రోలూ సిలిండరూ దూరంగా పెట్టించి కిటికీలు మూసి, వంట ఫ్యాన్ వేసి, బండి కింద దూరి అతుకుల వెంట అగరుబత్తి తిప్పాం. ఆరు చోట్ల పొగ గీతగా లోపలికి లాగేసుకుంది. ఏడోది వెనక లైటు వైరు వెళ్లే రంధ్రం. సరిగ్గా ఆయన తల పెట్టుకునే వైపే ఉంది.