31 మందిలో ఒకరు: గీత జరిగింది కాంబర్‌వెల్‌లో

ఆటిజం లెక్క మళ్లీ గొడవలో పడింది. ఇతరులతో కలవడం, మాట కలపడం చిన్నప్పటి నుంచే వేరుగా ఉండే ఎదుగుదల తీరును ఆటిజం అంటారు. 2025 ఏప్రిల్‌లో అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం, సీడీసీ, కొత్త అంకె బయటపెట్టింది: ఎనిమిదేళ్ల పిల్లల్లో 31 మందికి ఒకరు. ఆ వెంటనే ఆరోగ్య మంత్రి రాబర్ట్ ఎఫ్. కెనెడీ జూనియర్ విలేకరుల ముందుకొచ్చి ఇది మహమ్మారి అన్నారు. ఈ పిల్లలు పన్ను కట్టలేరు, ఉద్యోగం చేయలేరు, కవిత రాయలేరు అన్నారు. తీవ్రమైన ఆటిజం ఉన్నవాళ్లను ఉద్దేశించే అన్నానని తర్వాత సర్దుకున్నారు. సెప్టెంబరులో అధ్యక్షుడు ట్రంప్, పిల్లలకు ఆటిజం వస్తుందంటూ గర్భిణులను పారాసెటమాల్ వేసుకోవద్దన్నారు. నవంబరులో సీడీసీ వెబ్‌సైట్‌లో టీకాల పేజీని మార్చేసి, 'టీకాల వల్ల ఆటిజం రాదు' అనే మాటకు తగిన ఆధారం లేదని రాశారు.

ఇంత రభసకూ మూలం ఒక్క గ్రాఫ్. సీడీసీ లెక్కన 2000లో ఎనిమిదేళ్ల పిల్లల్లో 150 మందికి ఒకరు. 2008కి 88 మందికి ఒకరు, 2016కి 54 మందికి, 2020కి 36 మందికి, 2022కి 31 మందికి. ఈ మెట్లు చూసిన ఎవరికైనా గుండె జారుతుంది. పిల్లలకు ఏదో అవుతోంది, ఎవరో ఏదో దాస్తున్నారు అన్న అనుమానం రావడమూ సహజమే. కానీ ఈ గ్రాఫ్ 2000లో మొదలవుతుంది. దానికి ఇరవై ఏళ్ల ముందే అసలు మార్పు జరిగిపోయింది.

1943లో పిల్లల మానసిక వైద్యుడు లియో కానర్ ఆటిజాన్ని వర్ణిస్తూ 11 మంది పిల్లల గురించి రాసిన సంగతీ, ఆ తర్వాత తల్లుల ప్రేమ చాలకే పిల్లలు ఇలా అయ్యారని నింద మోపిన సంగతీ చాలామందికి తెలిసినవే. వాటిని దాటి సూటిగా లండన్‌లోని కాంబర్‌వెల్‌కు వెళ్దాం.

అంతకు ముందు ఒక అంకె గుర్తుపెట్టుకోవాలి. లండన్‌ను ఆనుకున్న మిడిల్‌సెక్స్‌లో విక్టర్ లాటర్ అనే పరిశోధకుడు 8 నుంచి 10 ఏళ్ల పిల్లలు సుమారు 78,000 మందిని జల్లెడ పట్టి, 1966లో ఫలితం ప్రచురించాడు. 10,000 మందికి 4.5 మంది. ఆటిజం ఎంతమందిలో ఉందో ఒక ప్రాంతమంతా గాలించి లెక్కగట్టిన తొలి ప్రయత్నం అది. శ్రద్ధగా చేసిన పనే. అయితే లాటర్ వెతికింది కానర్ వర్ణించిన పిల్లల కోసం. మనుషులను అసలు పట్టించుకోకుండా తన లోకంలో ఉండిపోవడం, ఏ చిన్న మార్పునూ సహించలేకపోవడం, ఈ రెండూ గట్టిగా కనిపించాలి. జల్లెడ కన్నాలు అంతే ఉన్నాయి కనుక అందులో నిలిచిందీ అంతే.

లోర్నా వింగ్ మానసిక వైద్యురాలు. ఆమె కూతురికి ఆటిజం. 1962లో బ్రిటన్‌లో తల్లిదండ్రులు కలిసి పెట్టుకున్న ఆటిజం సంఘం వ్యవస్థాపకుల్లో ఆమె ఒకరు. అలాంటి పిల్లల తల్లులతో రోజూ మాట్లాడేది కాబట్టి పుస్తకంలోని వర్ణనకు సరిగ్గా అతకని పిల్లలు ఎంతమంది ఉన్నారో ఆమెకు తెలుసు. 1970లలో మనస్తత్వ శాస్త్రవేత్త జుడిత్ గూల్డ్‌తో కలిసి కాంబర్‌వెల్ ప్రాంతాన్ని ఎంచుకుంది. అక్కడ 15 ఏళ్ల లోపు పిల్లలు సుమారు 35,000 మంది. వాళ్లలో ఏదో ఒక వైకల్యమో, ఇబ్బందో ఉందని ఆస్పత్రికో, బడికో, సంక్షేమ శాఖకో తెలిసిన పిల్లలందరి వివరాలూ తీసి, పిల్లలను దగ్గరగా గమనించడం మొదలుపెట్టారు. ముందుగా ఆటిజం అన్న పేరు పడ్డవాళ్లను మాత్రమే వెతకలేదు. ఇతరులతో కలవడంలో ఈ పిల్ల ఎలా ఉంది అని ప్రతి ఒక్కరి విషయంలోనూ అడిగారు.

ఆ ప్రశ్నకు జవాబుగా మూడు రకాల పిల్లలు కనిపించారు. ఎవరినీ దగ్గరికి రానివ్వని పిల్లలు మొదటి రకం, కానర్ చెప్పినవాళ్లు. రెండో రకం ఎవరు పిలిచినా వచ్చే పిల్లలు. తమంతట తాము ఎవరి దగ్గరికీ వెళ్లరు, ఎవరైనా చెయ్యి పట్టుకుని తీసుకెళ్తే వెళ్తారు. అమ్మానాన్న ఆటలో పాపాయి ఎవరంటే ఈ పిల్లే, డాక్టరాటలో మంచం మీద పడుకునే రోగీ ఈ పిల్లే. గొడవ చేయదు, ఏడవదు, ఆట అయిపోయాక అందరూ వెళ్లిపోతే అక్కడే ఉండిపోతుంది. ఇలాంటి పిల్లను చూసి ఏ టీచరూ కంగారుపడదు. మూడో రకం ఇంకా విచిత్రం. తామే వచ్చి మీద పడి మాట్లాడతారు. అడిగిన ప్రశ్నే మళ్లీ అడుగుతారు, తమకు ఇష్టమైన ఒక్క విషయం గురించే చెబుతూ పోతారు, ఎదుటివాళ్ల ముఖంలో విసుగు వాళ్లకు కనిపించదు. మాట్లాడని పిల్లాడికీ మాట ఆపని ఈ పిల్లాడికీ ఒకే పేరేమిటని అప్పట్లో ఎవరైనా అడిగి ఉండేవారు. ఇద్దరికీ అర్థం కానిది ఒక్కటే, ఎదుటి మనిషితో ఇచ్చిపుచ్చుకోవడం. ఇది వింగ్, గూల్డ్ చెప్పిన జవాబు.

1979లో ఫలితాలు వచ్చాయి. కానర్ వర్ణనకు అతికే పిల్లలు 10,000 మందికి ఐదుగురి లోపే, అంటే లాటర్ లెక్కకు దగ్గర్లోనే. ఆ మూడు రకాలూ కలిపితే 21 మంది. ఒకే ఊరు, అవే పిల్లలు, అదే పరిశోధన. గీత ఒకచోట గీస్తే అయిదు, మరోచోట గీస్తే ఇరవై ఒకటి. కొత్తగా చేరిన ఆ పిల్లలెవరూ ఆ ఏడాది జబ్బు పడ్డవాళ్లు కారు. బుద్ధిమాంద్యం అన్న పేరుతోనో, ఏ పేరూ లేకుండానో ముందునుంచీ అక్కడే ఉన్నారు.

నా దృష్టిలో ఈ కథ మొత్తానికి తాళంచెవి ఇదే. వింగ్ తెలిసే గీత జరిపింది. పేరు పడితేనే బడిలో చోటు, సాయం, తల్లికి ఒక వివరణ దొరుకుతాయని ఆమెకు సొంత ఇంట్లోనే తెలుసు. 1981లో ఆమె మరో అడుగు వేసింది. వియన్నాలో పిల్లల వైద్యుడు హాన్స్ ఆస్పెర్గర్ 1944లో జర్మన్‌లో రాసి, ఇంగ్లిష్ లోకం దాదాపు మరిచిపోయిన పత్రాన్ని వెలికితీసి, మాటలు బాగా వచ్చి తెలివితేటలు ఉండి కూడా మనుషుల మధ్య ఇమడలేనివాళ్లకు ఆస్పెర్గర్ సిండ్రోమ్ అన్న పేరు పెట్టింది. దాంతో గీత రెండో వైపూ జరిగింది.

మిగతాది త్వరగానే నడిచింది. అమెరికన్ వైద్యుల నిర్ధారణ గ్రంథం డీఎస్ఎం 1987లో ప్రమాణాలు విస్తరించింది, 1994లో ఆస్పెర్గర్‌ను చేర్చింది, 2013లో తేలిక నుంచి తీవ్రం దాకా అన్నిటినీ ఆటిజం స్పెక్ట్రమ్ అన్న ఒక్క పేరు కిందికి తెచ్చింది. ఏడీహెచ్‌డీ, అంటే శ్రద్ధ నిలవని, కుదురు లేని సమస్య, ఉన్నవారికి ఆటిజం కూడా ఉండొచ్చని అధికారికంగా ఒప్పుకున్నదీ 2013లోనే. అంతకుముందు ఒకటి ఉంటే రెండోది రాయకూడదు. అమెరికా ప్రత్యేక విద్యా చట్టంలో ఆటిజం సొంత వర్గంగా చేరింది 1990లో. అప్పటిదాకా బడి లెక్కల్లో ఆటిజం అన్న గడే లేదు.

ఇక పెరుగుదలలో ఎంత భాగం నిజం, ఎంత భాగం లెక్క మార్పు అన్నది చాలామంది కొలిచారు. కాలిఫోర్నియా రికార్డులు చూసిన 2009 నాటి అధ్యయనం, అక్కడి పెరుగుదలలో పావు వంతు కేవలం పేరు మార్పు అని తేల్చింది. మునుపు మేధో వైకల్యం అని రాసిన పిల్లలకే తర్వాత ఆటిజం అని రాశారు. డెన్మార్క్‌లో 1994లో ప్రమాణాలు మారాయి, 1995 నుంచి ఆస్పత్రిలో చేరకుండా చూపించుకుని వెళ్లేవాళ్లనూ లెక్కలోకి తీసుకున్నారు. ఈ రెంటికే పెరుగుదలలో 60 శాతం పోతుందని 2015లో లెక్క తేలింది. అదే ఏడాది స్వీడన్‌లో ఇంకో పని చేశారు. తల్లిదండ్రులు చెప్పిన లక్షణాలను ఏటికేడు పోల్చి చూస్తే అవి పెరగలేదు, డాక్టర్ రాసిన నిర్ధారణలు మాత్రం పెరుగుతూ పోయాయి.

అమెరికా 31 లోపలే ఈ సంగతి దాగి ఉంది. సీడీసీ పిల్లలను కూర్చోబెట్టి పరీక్షించదు, ఆస్పత్రి, బడి రికార్డులు తిరగేస్తుంది. రికార్డు ఉంటేనే పిల్లాడు లెక్కలోకి వస్తాడు. 2022లో చూసిన 16 ప్రాంతాల్లో టెక్సాస్‌లోని లరేడోలో 103 మందికి ఒకరు, కాలిఫోర్నియా కేంద్రంలో 19 మందికి ఒకరు. ఒకే దేశంలో, ఒకే ఏడాదిలో అయిదు రెట్లు తేడా. కాలిఫోర్నియాలోని ఆ ప్రాంతంలో పిల్లల డాక్టర్లకు చిన్న వయసులోనే గుర్తించే శిక్షణ ఇచ్చారు. మరొకటి: తొలి నివేదికల్లో తెల్లజాతి పిల్లల్లో ఎక్కువగా కనిపించింది, ఇప్పుడు నల్లజాతి, ఆసియా, హిస్పానిక్ పిల్లల్లో ఎక్కువగా కనిపిస్తోంది. డాక్టరు తలుపు ఎవరికి ఎప్పుడు తెరుచుకుందో ఈ అంకెలు చూస్తే తెలుస్తుంది.

పెరుగుదల మొత్తం కాగితం మీదిదేనని నేను అనను. ఆలస్యంగా తల్లిదండ్రులవుతున్నవారు ఎక్కువయ్యారు, నెలలు నిండక పుట్టిన పిల్లలు మునుపటికంటే ఎక్కువగా బతుకుతున్నారు. ఈ రెండూ ఆటిజం అవకాశాన్ని కొంత పెంచేవే. ఆ కొంతను నిదానంగా వెతకాల్సిందే. టీకాల వాదన మాత్రం 1998లో బ్రిటిష్ వైద్యుడు ఆండ్రూ వేక్‌ఫీల్డ్ 12 మంది పిల్లలతో రాసిన పత్రంతో మొదలై, 2010లో దాన్ని అచ్చేసిన వైద్య పత్రిక లాన్సెట్ వెనక్కి తీసుకోవడంతోనూ, ఆయన వైద్య రిజిస్ట్రేషన్ పోవడంతోనూ ముగిసిపోవాల్సింది. డెన్మార్క్‌లో 6,57,461 మంది పిల్లలను గమనించి 2019లో ప్రచురించిన అధ్యయనంలో తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా రాకుండా వేసే ఎంఎంఆర్ టీకాకూ ఆటిజానికీ సంబంధం కనిపించలేదు. పారాసెటమాల్ సంగతికొస్తే, స్వీడన్‌లో 24 లక్షలకు పైగా పిల్లలను చూసిన 2024 అధ్యయనం తోబుట్టువులను పక్కపక్కన పెట్టి పోల్చింది. ఒకే తల్లి, ఒక కాన్పులో మాత్ర వేసుకుంది, ఇంకో కాన్పులో వేసుకోలేదు. అలా పోల్చగానే ముందు కనిపించిన చిన్న సంబంధం కూడా మాయమైంది. ఇన్నేళ్లు తల్లుల ప్రేమను తప్పుపట్టినవాళ్ల తర్వాత, ఇప్పుడు జ్వరమొచ్చి మాత్ర వేసుకున్న తల్లిని తప్పుపట్టే రోజు వచ్చింది. ఇది నన్ను బాధపెడుతోంది.

మహమ్మారి అనే తల్లిదండ్రుల్లో కొందరి ఆవేదనకు మాత్రం నేను చెవి మూయలేను. పదిహేనేళ్ల కొడుక్కి మాట రాదు, రాత్రి నిద్రపోడు, తల గోడకేసి కొట్టుకుంటాడు, తాము పోయాక వాడి గతేమిటని ఆ ఇంట్లో ప్రతి రాత్రీ ఆలోచిస్తారు. స్పెక్ట్రమ్ అన్న పెద్ద గొడుగు కింద తమ బిడ్డ కనిపించకుండా పోయాడన్నది వాళ్ల ఫిర్యాదు. 2021 చివర్లో లాన్సెట్ పత్రిక వేసిన నిపుణుల కమిషన్ ఇలాంటివారి కోసం 'ప్రొఫౌండ్ ఆటిజం' అన్న పేరు వాడమంది. రోజంతా పెద్దవాళ్లు పక్కనుండాల్సినవాళ్లు, మాటలు దాదాపు రానివాళ్లు లేదా ఐక్యూ 50 లోపు ఉన్నవాళ్లు. సీడీసీ 2023లో లెక్కేస్తే ఆటిజం ఉన్న ఎనిమిదేళ్ల పిల్లల్లో దాదాపు 27 శాతం మంది ఇందులోకి వచ్చారు. ఆ నివేదికలోనే ఇంకో వివరం ఉంది. 2002 నుంచి 2016 మధ్య ఈ తీవ్ర వర్గం 1,000 మందికి 2.7 నుంచి 4.6కి పెరిగింది, మిగతా ఆటిజం 3.9 నుంచి 14.3కి. గ్రాఫ్‌ను పైకి లాగిందెవరో ఇక్కడ తెలుస్తుంది. వింగ్ గీత జరపడం వల్ల కనిపించడం మొదలైనవాళ్లే ఎక్కువ.

వాళ్లకేం, బాగానే ఉన్నారుగా అంటారు. బయటికి అలాగే కనిపిస్తారు. బడిలో మధ్యాహ్నం అన్నం తినే హాల్లో కూర్చున్న అమ్మాయిని ఊహించుకోండి. పక్కమ్మాయి నవ్వితే నవ్వాలి, ఎంతసేపు కళ్లలోకి చూడాలో లోపల లెక్కపెట్టుకుంటుంది, స్టీలు ప్లేట్ల చప్పుడు చెవుల్లో సూదుల్లా దిగుతుంటే చేతులు తొడల కింద పెట్టుకుంటుంది. టీచర్ రాసేది: చాలా బుద్ధిమంతురాలు. సాయంత్రం ఇంటి తలుపు వేయగానే చెప్పులు కూడా విప్పకుండా నేలమీద కూలబడి గంటసేపు ఏడుస్తుంది. ఆడపిల్లల్లో ఆటిజం ఆలస్యంగా బయటపడేందుకు ఈ దాపరికం ఒక పెద్ద కారణం. ఆటిజం ఉన్నవాళ్లు చెల్లించే మూల్యం అంకెల్లోనూ కనిపిస్తుంది. 2016లో వచ్చిన స్వీడన్ అధ్యయనంలో, ఆటిజం ఉండి చనిపోయినవారి సగటు వయసు 54, పోల్చి చూసిన మిగతా జనంలో 70. మేధో వైకల్యం కూడా ఉన్నవారిలో మూర్ఛలాంటి నరాల జబ్బుల మరణాలు, అది లేనివారిలో ఆత్మహత్యలు ప్రత్యేకంగా ఎక్కువ. బ్రిటన్ ప్రభుత్వ గణాంకాల ప్రకారం 2020లో ఆటిజం ఉన్న పెద్దవారిలో 100కి 22 మంది మాత్రమే ఉద్యోగాల్లో ఉన్నారు.

కాంబర్‌వెల్ తర్వాత ఒక పరీక్ష మిగిలింది. ఇది నిజంగా కొత్త మహమ్మారి అయితే పెద్దవాళ్లలో ఆటిజం అరుదుగా ఉండాలి. 2007లో ఇంగ్లండ్‌లో ఇంటింటికీ వెళ్లి పెద్దవాళ్లలోనే వెతికారు, 2011లో ప్రచురించారు. సుమారు నూటికి ఒకరు. కుర్రవాళ్లలో ఎక్కువ, ముసలివాళ్లలో తక్కువ అన్న తేడా కనిపించలేదు. లాటర్ లెక్కపెట్టిన తరం, 1950ల మధ్యలో పుట్టినవాళ్లు, ఆ సర్వే నాటికి యాభై దాటి ఉన్నారు. చిన్నప్పుడు ఆ తరంలో 10,000 మందికి 4.5 మంది అని రాసుకున్నాం, పెద్దయ్యాక వెతికితే ఆ తరంతో సహా అన్ని వయసుల్లోనూ 10,000 మందికి 100 మంది దాకా ఉన్నారు. సర్వేలో దొరికినవాళ్లకు చదువు తక్కువ, ప్రభుత్వం చౌకగా అద్దెకిచ్చే ఇళ్లలో ఉంటున్నవాళ్లు ఎక్కువ. మానసిక సమస్యలకు వైద్యమో, సాయమో వాళ్లు ఇతరులకంటే ఎక్కువగా పొందుతున్న జాడ ఎక్కడా కనిపించలేదు.