ఆరని దీపం

ప్రియమైన కిట్టూ, బుజ్జీ,

మీ నాన్న మోటార్‌సైకిలు మీటరులో ఏబీఎస్ (బ్రేకుల్లో ఒక రక్షణ ఏర్పాటు) దీపం వారంగా ఆరడం లేదని చెబితే, హాస్టల్ నుంచి ఫోన్ చేసి "తాతయ్యా, ఆ బల్బు పీకేస్తే పోలా?" అన్నారు. అప్పుడు నవ్వేసి ఊరుకున్నాను గానీ, మొన్న ఆ బండి పక్కన పీట వేసుక్కూర్చున్నాక మీకు రాయాలనిపించింది.

తాళం తిప్పగానే మీటరులో దీపాలన్నీ ఓసారి వెలుగుతాయి చూడండి, అది బండి తన ఒళ్లు తాను తడిమి చూసుకోవడం. ఇంజన్ దీపం స్టార్టయ్యాక ఆరాలి. ఏబీఎస్ దీపం మాత్రం బండి కదిలాకే ఆరుతుంది, చక్రం తిరిగితే గానీ దాని సంగతి తెలియదు కదా. అసలు వెలగకపోయినా తేడాయే.

ఎర్రటి ఆయిల్ దీపం వెలిగితే ఆలోచించకుండా పక్కకు తీసి ఇంజన్ ఆపేయాలి. ఏబీఎస్ దీపం వెలిగితే మామూలు బ్రేకులు పనిచేస్తాయి, గట్టిగా నొక్కినప్పుడు చక్రం బిగుసుకుపోకుండా కాచే సాయం ఉండదు, అంతే. కైలాసగిరి ఘాట్‌లో వాన పడుతుంటే ఆ 'అంతే' చిన్న మాట కాదు.

బండిలోని కంప్యూటర్ పట్టుకున్న తప్పును చదివే స్కానర్ మెకానిక్ పెడితే, ముందు చక్రం సెన్సార్ అని తప్పు కోడ్ వచ్చింది. సెన్సార్ మార్చేశాడు. మూడో రోజుకి దీపం మళ్లీ హాజరు! పాపం, కోడ్‌ని నమ్మి పప్పులో కాలేశాడు. చక్రంతో పాటు ఒక పళ్ల రింగు తిరుగుతుంది. దానికి ఇంచుమించు ఒక మిల్లీమీటరు దూరంలో సెన్సార్ కూర్చుని, దాటిపోయే పళ్లను లెక్కపెడుతుంది. రింగు వంగినా, ఇసుక పట్టినా, వైరు తెగినా కంప్యూటర్‌కి తెలిసేది ఒకటే: లెక్క అందడం లేదు. ఎందుకో అది చెప్పలేదు.

నేను షిప్‌యార్డులో వైర్లతో వేగినవాణ్ని కదా, ముందు మల్టీమీటరు బ్యాటరీకి పెట్టాను. బ్యాటరీ నీరసిస్తే సంబంధం లేని దీపాలూ వెలుగుతాయి. ఆపి ఉంచితే 12.6 ఓల్టులు, ఇంజన్ నడుస్తుంటే 14.1. బాగానే ఉంది. రింగు తుడిచి వేలితో తడిమాను, సొట్టల్లేవు. ఇక ట్యాంకు ఎత్తి సెన్సార్ వైరు వెంబడే వెళ్లి కనెక్టర్ విప్పితే, ఒక పిన్ను మీద ఆకుపచ్చటి చిలుము! మీ నానమ్మ తోమడం మరిచిన రాగి చెంబు మీద ఉండేదే. రోజూ భీమిలి రోడ్డు మీద ఉప్పుగాలి, పైగా వాటర్ సర్వీసింగులో ప్రెషర్ పెట్టి నీళ్లు కొట్టిస్తాడు మీ నాన్న.

కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, పాత టూత్‌బ్రష్‌తో రుద్ది, ఆరాక బిగించాను. తాళం తిప్పితే దీపం అలాగే ఉంది. మీ నాన్న మొహం చూడాలి! ఓసారి వీధి చివరిదాకా వెళ్లి రారా అన్నాను. రామాలయం దాటకముందే ఆరిపోయిందట.

ఇంజన్ దీపం ఇంత తొందరగా కరుణించదు. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 అనే పొగ కాలుష్య నిబంధనలు వచ్చాక కొత్త బళ్లన్నిటికీ అది ఉంది. తప్పు సరిచేశాక కూడా బండిని కొన్ని విడతలు నడిపితే గానీ ఆరదు, లేదంటే స్కానర్‌తో కోడ్ చెరపాలి. చెరిపే ముందు ఆ కోడ్ కాగితం మీద రాసుకోండి.

నిన్న ఆ పాత సెన్సార్‌నే మళ్లీ తగిలించి బీచ్ రోడ్డంతా తిరిగొచ్చాను. దీపం వెలగలేదు. కొత్తది నా సొరుగులో ఉంది. ఈ సంగతి మీ నాన్నకి ఇంకా చెప్పలేదు.

మీ తాతయ్య